తోడేలుకు మేనమామ

మంగంపేట,
డిసెంబరు 18.

చెల్లెలు ఉరుకుందమ్మకు, మీ అన్న దేవేంద్రప్ప రాసుకుంటున్నది.

నీ ఉత్తరం తుపాను వానలో నాని వచ్చింది. సగం అక్షరాలు కారిపోయాయి. నన్ను తిట్టిన చోట మాత్రం కలం గట్టిగా అదిమినట్టున్నావు, ఆ భాగమంతా చక్కగా చదవగలిగాను. ఫోన్ చేస్తే ఎత్తడం లేదని నీ మొగుడు పరమేష్ కోప్పడ్డాడట. అతనికి మళ్లీ చెప్పు తల్లీ. పదకొండేళ్లు ముగ్గురాయి గనిలో డ్రిల్లింగ్ మిషన్ పట్టుకున్నవాడి చెవికి ఫోను ఆనించినా ఒకటే, సబ్బుబిళ్ల ఆనించినా ఒకటే. ఉత్తరమైతే నువ్వు ఎదురుగా కూర్చుని మాట్లాడినట్టే ఉంటుంది.

యాభై దాటినవాడివి, వదిన పోయి తొమ్మిదేళ్లయింది, ఆ గనుల దగ్గర లారీలకు గేటు ఎత్తుతూ ఒక్కడివే ఎందుకు, మా ఊరొచ్చి మాతో ఉండు అని కదా నీ గొడవ. ఇప్పుడు నేను ఒక్కడిని కాను. కుక్కపిల్లను పెంచుకుంటున్నాను.

నేను కాపలా ఉండే లారీల కాటా వెనక ఒక తూము ఉంది. గనిలో తవ్విపోసిన పాత మట్టిగుట్టల నీళ్లన్నీ అందులోంచే పోతాయి. తుపాను వెలిసిన మరునాడు ఆ తూము మూతిలో, కంపకు చిక్కుకుని కనిపించింది. ఒళ్లంతా ముగ్గురాయి బురద పట్టి, పిండిలో దొర్లించినట్టు ఉంది. కడిగితే కింద గోధుమరంగు తేలింది. అయినా అప్పటికే ముగ్గి అని పిలిచేశాను కాబట్టి అదే పేరు ఖాయమైంది.

మేకపాలు తాగుతుంది. రొట్టె వేస్తే వాసన చూసి, ఇదేనా నువ్వు పెట్టేది అన్నట్టు నా మొహం చూస్తుంది. మాంసం ముక్క పెడితే సగం తిని, సగం నా చెప్పుల పక్కన గుంత తీసి దాచింది. పెళ్లిళ్లలో లడ్డు జేబులో వేసుకొచ్చే మన నాయన గుర్తొచ్చాడు. ఒంటికి మించిన పాదాలు. పెద్దయితే మంచి కావలికుక్క అవుతుంది.

కాటా ఎదురుగా రామలక్ష్మమ్మ అని ఒకామె టీ కొట్టు నడుపుతుంది. భర్త పోయిన మనిషి. నాకు ఎవరేం చెప్పాలన్నా రామలక్ష్మమ్మతో చెప్తారు, ఆమె పలక మీద రాసి చూపిస్తుంది. నిన్న "సాయంత్రమైతే నీ కుక్క ఏడుస్తాండాది, వీధంతా నన్ను అడుగుతాండారు" అని రాసింది. నాకు వినపడదు కాబట్టి నాకే ఇబ్బందీ లేదని చెప్పాను. రామలక్ష్మమ్మకు కోపమొచ్చి ఆ పూట టీలో చక్కెర వేయలేదు.

పిల్లలకు నా ముద్దులు. 

మీ అన్న.


కంపలదొడ్డి, ఆలూరు దగ్గర,
డిసెంబరు 26.

అన్నకు, ఉరుకుందమ్మ దండాలు.

నీ ఉత్తరాన్ని మా ఆయనకు గట్టిగా చదివి వినిపిస్తూ, పాదాల దగ్గరికొచ్చేసరికి ఆపేశాను. మా ఆయన కూడా తింటున్న చేయి ఆపాడు. ఇద్దరం మొహాలు చూసుకున్నాం.

అన్నా, నేను పుట్టినప్పటి నుంచి గొర్రెల మధ్య ఉన్నదాన్ని. నువ్వు పద్దెనిమిదేళ్లకే ఊరు విడిచి గనికి పోయావు, నీకు మరుపు. నేను అడిగేవి కాస్త చూసి రాయి. దాని తోక కుక్కపిల్లకు మల్లే పైకి చుట్టుకుంటుందా, కిందికి వేలాడుతుందా? కాళ్లు పొడుగ్గా, ఒళ్లు సన్నగా ఉందా? నీలంగా ఉన్న కళ్లు పసుపుకు తిరుగుతున్నాయా? అన్నిటికంటే ముఖ్యం, అది ఒక్కసారైనా మొరిగిందా? నువ్వు వినలేవు, ఆ టీ కొట్టు ఆమెను అడుగు. మొరగడం వేరు, మూతి పైకెత్తి దీర్ఘం తీయడం వేరు.

నేను అనుకున్నదే అయితే అది కుక్క కాదు, తోడేలు పిల్ల. ఆ మట్టిగుట్టల్లో ఎక్కడో తల్లి బొరియ తవ్వుకుని ఉంటుంది. వాననీళ్లు లోపలికొస్తే ఒక్కొక్క పిల్లనూ నోట కరుచుకుని మార్చేటప్పుడు ఇది జారి కొట్టుకుపోయి ఉంటుంది. తల్లి ఇంకా ఆ చుట్టుపక్కలే తిరుగుతుంటుంది. ఏడుస్తోందని వీధివాళ్లు అంటున్నది ఏడుపు కాదు అన్నా, పిలుపు.

దాన్ని తల్లి దగ్గరికి చేర్చే దారి చూడు. ఆలస్యం చేసేకొద్దీ నీకే కష్టం.

ఇక్కడ మేమంతా బాగున్నాం. గొర్రెలు బాగున్నాయి. ఇంతకంటే రాయడానికి ఏమీ లేదు.

రామలక్ష్మమ్మ అనే పేరు నీ ఉత్తరంలో మూడుసార్లు ఉంది. గమనించింది నేను కాదు, మా ఆయన.

చెల్లెలు.


మంగంపేట,
జనవరి 2.

ఉరుకుందమ్మకు,

గొర్రెలు కాసేవాళ్లకు ప్రతి పొదలోనూ తోడేలే కనిపిస్తుందని మన అవ్వ ఊరికే అనలేదు. తోక కిందికే ఉంటుంది, ఒప్పుకుంటాను. అది వినయం. కాళ్లు పొడుగే. పొడుగు కాళ్ల కుక్కలు లోకంలో లేవా? కళ్లు పసుపు తిరుగుతున్న మాట నిజమే గానీ ఇక్కడి నీళ్లు తాగితే ఎవరికైనా తిరుగుతాయి. రాత్రిళ్లు నా పక్కలోకి దూరి, నా చంకలో మూతి పెట్టుకుని పడుకుంటుంది. తోడేలు అలా పడుకుంటుందా?

తొమ్మిదేళ్ల తర్వాత నా గదిలో ఇంకో ప్రాణి ఊపిరి తీస్తోంది. దాన్ని తీసుకెళ్లి గుట్టల్లో వదిలేయమని ఎంత సులువుగా రాశావు. నేను వదలను. ఆ టీ కొట్టు ఆమెను అడగను కూడా అడగను. పేరు రాస్తే మీ ఆయన గమనిస్తాడు కాబట్టి రాయడం లేదు.

జనవరి 5.

పై ఉత్తరం పోస్టులో వేయలేదు. నిన్న జరిగింది కూడా రాసి వేస్తాను.

పొద్దు గుంకే వేళ లారీలు ఆగిపోయాక రామలక్ష్మమ్మ కొట్టు మూసి నా పెరట్లోకి వచ్చింది. నీ ఉత్తరం బల్ల మీద పడి ఉంటే చదివిందట. అడగకుండా చదివినందుకు కోప్పడబోయాను. ఆమె నా చేయి పట్టి కిందికి గుంజి, ముగ్గి పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టింది. నా అరచేతిని దాని గొంతు మీద ఆనించి, కదలొద్దని సైగ చేసింది.

ముగ్గి గుట్టల వైపు తిరిగి తల పైకెత్తింది. నా చేతి కింద ఏదో పుట్టింది చెల్లీ. మిషన్ ఆన్ చేయగానే కడ్డీలో వణుకు పుడుతుందే, అలాంటిదే, కానీ మెత్తగా. సన్నగా మొదలై, పైకి లేచి, చాలాసేపు అక్కడే నిలబడి, దిగిపోయింది. తర్వాత అది తల పక్కకు వంచి ఊరికే ఉంది. ఎందుకు ఆగిందని రామలక్ష్మమ్మను చూశాను. పలక మీద రాసింది: "గుట్ట మీద నుంచి ఇంకోటి పలుకుతాంది. అది నిలిపినాకనే ఇది మొదలుపెడతాంది. పదహైదు దినాల నుంచి రోజూ ఇదే."

మళ్లీ నా చేతి కింద వణుకు మొదలైంది.

ఎన్నేళ్ల తర్వాతో ఒక గొంతు విన్నాను. ఆ గొంతు నన్ను పిలవడం లేదు. నువ్వు చెప్పిందే నిజం. ఏం చేయాలో రాయి.

మీ అన్న.


కంపలదొడ్డి,
జనవరి 10.

అన్నా,

ఏడవకు. ఏడ్చానని నువ్వు రాయలేదు గానీ ఆఖరి వరుసలు వంకర పోయాయి.

రేపే అటవీశాఖవాళ్లకు చెప్పు. తోడేలును ఇంట్లో పెట్టుకోవడం నేరమని మా ఊరి బడి పంతులు చెప్పాడు. తెలియక చేశానని ఉన్నది ఉన్నట్టు చెప్పు, మింగేయరు. ఈ నాలుగు రోజులూ దాన్ని పక్కలోకి రానీకు. చేత్తో తినిపించకు, ఎదుట వేసి పక్కకు జరుగు. తల్లి కూత ఎటునుంచి వస్తోందో ఆ చోటి మట్టి తెచ్చి దాని పడక మీద చల్లు, నీ చెమట వాసన తగ్గుతుంది. సాయంత్రం వదిలి, దూరంగా పోయి, గాలి మీ వైపు వీచే చోట కూర్చోండి. తల్లి మొదటి రోజే రాకపోవచ్చు. భయపడి దాన్ని అక్కడే వదిలేసి రావద్దు, వెనక్కి తెచ్చి మరునాడు మళ్లీ తీసుకెళ్లండి.

మీరు అని ఎందుకు రాశానంటే, నువ్వు ఒక్కడివే వెళ్లవని నాకు తెలుసు కాబట్టి.

ఈసారి నా ఉత్తరం పొట్టిగా ఉందని అనుకోకు. ఇక్కడ కొంచెం పని ఉంది. అది తర్వాత రాస్తాను.

చెల్లెలు.


మంగంపేట,
జనవరి 20.

ఉరుకుందమ్మకు, అన్న రాస్తున్నది.

అంతా బాగా జరిగింది. ముందే చెప్తున్నాను, నువ్వు ఆత్రంగా చదివి వరుసలు దాటేస్తావు కాబట్టి.

అటవీశాఖలో ఏసేపు అని ఒక వాచరు ఉన్నాడు. నా కంటే పెద్దవాడు, ఈ గుట్టల్లోనే తిరిగి తలనెరిసినవాడు. రామలక్ష్మమ్మ నన్ను వెంటబెట్టుకుని అతని ఇంటికి పోయింది. ఆమె ఏం మాట్లాడిందో నాకు తెలియదు. ఆమె నోరు ఆగకుండా కదిలింది, ఏసేపు తల ఊపుతూనే ఉన్నాడు. నా వైపు తిరిగి అతను అన్నదంతా ఆమె తర్వాత రాసి చూపించింది: "ఏమీ భయపడాకప్పా. తల్లి యాడికీ పోలేదు, ఈడనే తిరుగుతాంది, అడుగులు నేను సూసినా. పిల్లను అప్పజెప్పేదే మన పని." తన పైవాళ్లతో మాట్లాడి సరేననిపించింది కూడా ఏసేపే.

మొదటి సాయంత్రం గంపలో పెట్టుకుని గుట్టల వెనకకు పోయాం. గంప వంచి, ఎదురుగుట్ట మీద బోర్లా పడుకున్నాం. ముగ్గి గంప లోంచి బయటికే రాలేదు. తల్లీ రాలేదు. వెలుతురు పోయేదాకా చూసి వెనక్కి తెచ్చుకున్నాం. నిజం చెప్తే, ఆ దారంతా నాకు లోపల సంతోషంగానే ఉంది. దేవుడు ఇంకోరోజు ఇచ్చాడనుకున్నాను. రామలక్ష్మమ్మ నా మొహం చూసి పలక మీద "సిగ్గు ల్యాదా" అని రాసింది.

రెండోరోజు గంప వంచగానే ముగ్గి తనే బయటికొచ్చి కూర్చుంది. తల పైకెత్తింది. కాసేపటికి ఏసేపు నా భుజం తట్టి వేలు చూపించాడు. ముగ్గికి ముప్పై అడుగుల దూరంలో, తుమ్మకంప పక్కన, అది నిలబడి ఉంది. అంతకుముందు అక్కడ ఏమీ లేదు. ఎప్పుడొచ్చిందో కళ్లున్న నాకే తెలియలేదు. బక్కగా ఉంది చెల్లీ, పక్కటెముకలు కనిపిస్తున్నాయి. పాలిచ్చే తల్లి.

చాలాసేపు కదల్లేదు. నా వాసన తగిలి వెనక్కి తిరిగిపోతుందేమో, నా పక్కలో పడుకోబెట్టుకున్న పాపానికి పిల్లకు తల్లి లేకుండా పోతుందేమో అని నేలలో మొహం దాచుకున్నాను. రామలక్ష్మమ్మ నా జుట్టు పట్టుకుని తల పైకెత్తించింది. చూసేసరికి ముగ్గి పొట్ట నేలకానించి పాకుతూ పోతోంది. తల్లి వంగి వాసన చూసింది. మూతితో ఒక్క తోపు తోసి వెల్లకిలా పడేసింది. మరుక్షణం పొట్ట నాకడం మొదలుపెట్టింది. ఆ నాకుడికి నేను పెట్టిన పాలు, నా చెమట, నా మంచం, అన్నీ పోయి ఉంటాయి. ముగ్గి లేచి తల్లి మూతి నాకింది. తల్లి కడుపులోది కక్కి పెట్టింది, అది తింది. ఇంకో పెద్ద తోడేలు, దాని వెనక రెండు పిల్లలు కంపలోంచి వచ్చాయి. మూడు పిల్లలూ ఒకదాని మీద ఒకటి పడి దొర్లాయి. ఆ దొర్లుడులో ముగ్గి ఏదో గుర్తుపట్టడం నావల్ల కాలేదు.

అది ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. శానా బాధేసింది. దాని కింద శానా సంతోషంగా కూడా ఉండింది. రెండూ ఒకేసారి ఉండొచ్చని నాకు ఇంతకుముందు తెలియదు.

మసకపడ్డాక పలక కనపడలేదు. అందుకని రామలక్ష్మమ్మ నా చేయి పట్టుకుని, గుట్టల్లో కూత లేచినప్పుడల్లా వేళ్లు నొక్కింది. చాలాసార్లు నొక్కింది. ఇంకేం లేదు.

మీ అన్న.


కంపలదొడ్డి,
ఫిబ్రవరి 3.

అన్నకు, ఉరుకుందమ్మ దండాలు.

నీ ఉత్తరం ఇక్కడ ఎనిమిది ఇళ్లలో చదివారు. కాగితం మడతల దగ్గర చిరిగింది, అన్నం మెతుకుతో అంటించాను.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. గొర్రెలు బాగున్నాయని నేను రాసింది అబద్ధం. కార్తీకంలో తోడేళ్లు మా మందలో పడి ఏడు గొర్రెపిల్లలను చంపాయి. నేను ఈనించి, నేను తుడిచిన పిల్లలు. మా ఆయన మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఊరి వెనక వంకలో వాటి బొరియ కనిపెట్టి, మూతికి ఎండుకంప నింపి పొగ పెట్టాలని మందలవాళ్లంతా మాట్లాడుకున్నారు. కంప కొట్టి మోసినవాళ్లలో నేనూ ఉన్నాను అన్నా. నీకు తల్లి దగ్గరికి చేర్చమని రాసిన చేతులతోనే మోశాను. నీ పిల్ల వేరే, నా ఏడు పిల్లలను తిన్నది వేరే అనుకున్నాను. ఏడు పిల్లల మాట నీకు రాస్తే, నా మీది ప్రేమతో నువ్వు ముగ్గిని ఏం చేస్తావో అని భయపడి రాయలేదు.

పొగ పెట్టాలనుకున్న పొద్దున్నే నీ జనవరి ఉత్తరం వచ్చింది. గొంతు మీద చేయి పెట్టి విన్నానని రాశావే, అది. మా ఆయనకు చదివి వినిపించాను. సగంలో ఆపేశాను, మిగిలింది ఆయనే చదువుకున్నాడు. కాగితం మడిచి నాకిచ్చి అన్నాడు: "తోడేలుకు గూడా మేనమామ ఉండాడు మన ఇంట్లో. ఇంగ మేనకోడలికి పొగ ఎట్ల పెడతాం?"

ఆ మాట పట్టుకుని నేను మిగతావాళ్ల దగ్గరికి పోయాను. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు. మందలవాళ్లలో పెద్ద, ఉరుకుందప్ప తాతైతే "నీ యన్న చెవిటోడే అనుకుంటి, పిచ్చోడు గూడానా" అన్నాడు. ఒక్కరోజులో ఒప్పుకోలేదు. అందుకే ఆ వారం నీకు పొట్టి ఉత్తరం రాశాను. మా ఆయన మాత్రం ఎవరితోనూ మాట్లాడకుండా వంకకు పోయి, బొరియ మూతిలోని కంపంతా లాగి, మా దొడ్డికి మోసుకొచ్చాడు. ఇద్దరం కలిసి దొడ్డి కంచె నడుమెత్తు నుంచి తలెత్తుకు పెంచాం. రెండు కుక్కలను తెచ్చుకున్నాం, ఇవి మొరుగుతాయి. మా దొడ్డిని చూసి ఇంకో మూడు ఇళ్లవాళ్లు అలాగే కట్టుకున్నారు. ఉరుకుందప్ప తాత తిడుతూనే కట్టాడు.

అన్నీ చక్కబడ్డాయని రాయను. పోయిన వారం మేతలో ఒక గొర్రెపిల్లను ఎత్తుకుపోయాయి. మా ఆయన ఆకాశం వైపు చూసి "మీ మామకు చెప్తా ఉండండి" అన్నాడు. అదీ మా ఇంట్లో పరిస్థితి. ఏడ్చినచోటే నవ్వుతున్నాం.

ఇక అసలు సంగతి. చీకట్లో పలక కనపడక ఆమె నీ చేయి పట్టుకుందని రాశావు. మా ఆలూరులో టార్చిలైటు అని ఒక వస్తువు అమ్ముతారు. పంపమంటావా, అక్కర్లేదా? ఒక్క ముక్కలో జవాబు రాయి.

చెల్లెలు.


మంగంపేట,
మార్చి 16.

ఉరుకుందమ్మకు, రామలక్ష్మమ్మ రాస్తున్నది.

నిన్ను ఏమని పిలవాలో తేలక పేరే రాశాను. ఏప్రిల్ నెలలో రైల్వేకోడూరు రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టాక మరదలా అని పిలుస్తాను. టార్చిలైటు అక్కర్లేదు. నీకు జవాబు రాయమని నెలకు పైగా చెప్తున్నాను. మీ అన్న కాగితం తీస్తాడు, నీ పేరు రాస్తాడు, సిగ్గుపడి మడిచి పెట్టేస్తాడు. అలాంటి కాగితాలు తొమ్మిది ఉన్నాయి. అందుకే నేను రాస్తున్నాను.

ఎలా అడిగాడో నువ్వు తెలుసుకోవాలి. ఆయనకు మాట వచ్చు కదా, అయినా నా చేతిలోని పలక లాక్కుని రాశాడు: "నాకు వినపడదు. నువ్వు మాట్లాడకుండా ఉండలేవు. మనకు సరిపోతుందేమో చూడు." మా పుట్టింట్లో నా నోటికి జడిసేవాళ్లు. పోయినాయన, మంచివాడే, చెవుల్లో దూది పెట్టుకునేవాడు. నా గొంతుకు భయపడని మగవాణ్ణి యాభై ఏళ్లకు చూశాను. ఆలోచించి చెప్తానని ఒక రోజంతా బిగపట్టి, సాయంత్రానికి చెప్పేశాను.

మీరంతా రావాలి. గొర్రెలను ఎవరికైనా అప్పజెప్పి రండి. ఉరుకుందప్ప తాత వస్తానంటే తీసుకురండి, పిచ్చోడిని చేసుకుంటున్న పిచ్చిదాన్ని ఆయన చూడాలి కదా.

ఇంకొక సంగతి. ఈ నెల మొదట్లో ఎండ ముదిరాక తోడేళ్లు గుట్టలు విడిచి వెళ్లిపోయాయి. పిల్లలు పరిగెత్తే వయసుకొచ్చాయి, ఇక వాటికి బొరియతో పని లేదని ఏసేపు చెప్పాడు. మీ అన్నకు చెప్పొద్దని నేనే అతన్ని ఆపాను. రోజూ పొద్దు గుంకే వేళకు ఈయన గుట్టల వైపు బల్ల వేసుకుని కూర్చుని "ఇప్పుడు కూస్తాండాయా?" అని అడుగుతాడు. లేదనడానికి నాకు మనసు రాలేదు. తల్లి ముందు పలికింది, పిల్లలు గొంతు కలిపాయి అని రాసి చూపిస్తూ వచ్చాను. ఐదు రోజులు అలా గడిపాను. ఆరోరోజు కొంచెం ఎక్కువే రాశాను, పలక రెండువైపులా నింపాను.

ఆయన రెండువైపులా చదివి, తుడిచి, నాకిచ్చి అన్నాడు: "పోయినాయి కదా."

నేను తల దించుకున్నాను.

"సోమవారం నుంచి ఆ మట్టిలో ఒక్క అడుగు ల్యాదు. చెవులు ల్యావు గానీ నాకు కండ్లు ఉండాయి."

మరి రోజూ ఎందుకు అడుగుతున్నావని రాశాను.

"నువ్వు చెప్తాంటే బాగుండాది. చెప్పు" అన్నాడు.

అందుకని ఈరోజు కూడా చెప్పాను. ముగ్గి అందరికంటే పైగొంతు ఎత్తిందని, ఎదురుగుట్ట నుంచి వేరే తోడేళ్ల గుంపు జవాబిచ్చిందని, ఇంకా శానా రాశాను. ఆయన మళ్లీ తుడిచి పలక ఇచ్చాడు. చోటు సరిపోలేదని కాగితం తెచ్చుకుంటే, ఆ కాగితంలో సగం ఇదిగో నీకు ఉత్తరమైంది. మిగతా సగం ఆయన కోసం ఉంచాను. బయట పిలుస్తున్నాడు, పోవాలి.

మీకు కాబోయే వదిన
రామలక్ష్మమ్మ.